కుట్టుమిషను కింద నవ్వు

రక్తం ఇచ్చాకే కాఫీ తాగాల్సిన ఇళ్ళు ఊళ్ళో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళకి పొద్దున పూట గడియారంతో పనిలేదు. వీధి మలుపులో స్కూటరు దగ్గినట్టు చప్పుడు చేసి ఆగిందంటే రుజువు వచ్చేసిందని లెక్క. వంటింట్లో పాలు పొయ్యెక్కేవి.

రుజువు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బళ్ళో చదువుకునే రోజుల నుంచీ ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అంటూ అడ్డుపడేది కాబట్టి ఊరు పెట్టిన పేరు. ఆమెకీ అది నచ్చింది. ఎంత నచ్చిందంటే, చదువు అయిపోగానే ఉద్యోగం కోసం ఎవరి గుమ్మమూ ఎక్కకుండా, ఓ పాత మైక్రోస్కోపూ, ఓ ఫ్రిజ్జూ, ఓ ఐసు డబ్బా పోగేసుకుని సొంతంగా పెట్టుకున్న ల్యాబుకి బోర్డు మీద కూడా అదే రాయించుకుంది. లెక్కల్లో దిట్ట. సూది గుచ్చి ట్యూబు నిండేలోపు ఆ మనిషి చక్కెర పోయిన రెండు రిపోర్టుల మధ్య నూటికి ఎంత పెరిగిందో నోటితోనే కట్టి చెప్పేసేది. "కాలిక్యులేటర్ని మింగేసిందమ్మా ఈ పిల్ల" అనేవారు ముసలాళ్ళు, చెయ్యి చాపుతూ.

ఆ ఊళ్ళో ఇల్లు అద్దెకి చూసేవాళ్ళు మూడే సంగతులు ఆరా తీస్తారు. నీళ్ళొస్తాయా, ఎండ పడుతుందా, లోపల నవ్వులేమైనా ఉన్నాయా.

సరదాగా నవ్విన నవ్వులు ఎక్కడా నిలవవు. కాఫీ మీది ఆవిరిలా పోతాయి. ఒక మనిషిని వెటకారం చేసి నవ్విన నవ్వు మాత్రం ఆ మనిషి వెంటే ఇంటికి వెళ్ళిపోతుంది. వెళ్ళి ఏ బీరువా వెనకో, మంచం కిందో చేరి కూర్చుంటుంది. మామూలుగా దాని ఊసే ఉండదు. ఇంట్లో ఎవరైనా ఏదైనా అడగబోయినప్పుడే లేస్తుంది. ఏమిటి, ఎందుకు, ఎలా అన్నమాట సగం గొంతులో ఉండగానే, ఆ రోజు నవ్విన గొంతుతోనే, ఆ రోజు నవ్వినంతసేపూ నవ్వి, మళ్ళీ ముడుచుకుంటుంది. బల్లులున్న ఇల్లు, చెమ్మ ఉన్న ఇల్లు, నవ్వు ఉన్న ఇల్లు. అంతే. దానికి మందు లేదు. దానివల్ల చచ్చినవాళ్ళూ లేరని జనం అనుకునేవారు.

నవ్వున్న ఇళ్ళల్లో మనుషులు అడగడం మానేసి చెప్పడానికి అలవాటు పడిపోయేవారు. "కాఫీ తాగుతావా?" అని ఉండదు. "కాఫీ పెడుతున్నాను, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పెయ్యి" అని ఉంటుంది. అలాంటి ఇళ్ళ పిల్లల్ని బళ్ళో కూడా ఇట్టే పోల్చుకోవచ్చు. చెయ్యెత్తరు.

ఊళ్ళో ఉన్న నవ్వుల్లో రుజువువి తక్కువేం కాదు. ప్రతి ఆదివారం లైబ్రరీ మేడ మీద హాల్లో ఆమె ఒక సభ పెట్టేది. రంగురాళ్ళ వైద్యం, చంద్రుణ్ణి బట్టి జుట్టు కత్తిరించడం, చేతి వేళ్ళతో తాకి నీళ్ళని మందు చెయ్యడం, వారానికి ఒకటి పట్టుకుని ఉతికి ఆరేసేది. జనం తెగ వచ్చేవారు. రుజువు చెప్పే లెక్కల కోసం కొందరు, ఆమె చేసే అనుకరణల కోసం చాలామంది. ఎవరైనా లేచి అమాయకంగా ఏదో అడిగారా, ఆ మనిషి నిలబడ్డ తీరు, గొంతు, చెయ్యి తిప్పే పద్ధతి, అన్నీ చేసి చూపించి ముందు తనే నవ్వేది. ఆ నవ్వు ముందు ఒక ఎక్కిలితో మొదలయ్యేది. ఆ తర్వాత స్టీలు చెంచా మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చినట్టు ఉండేది. వెనకాలే హాలంతా గొల్లుమనేది.

పొద్దున రక్తం తీసుకుని మెట్లు దిగుతుంటే కొన్ని ఇళ్ళల్లోంచి వెనకనుంచి తన నవ్వే తనకి వినబడేది. లోపల ఎవరో నోరు జారి ఏదో అడిగి ఉంటారు. "నా బ్రాంచీలు" అనేది స్నేహితులతో. "గుచ్చుకుంటే గుచ్చుకోనీ. సూది గుచ్చకుండా రక్తం వస్తుందా?"

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ల్యాబుకి పిన్ని ఫోను చేసింది.

"మీ బాబాయి కాలివేలు నల్లబడింది" అంది పిన్ని. "గదంతా వాసన. నువ్వొస్తే బాగుండు."

పిన్ని మాటల్లో ఒక్క ప్రశ్నా లేదు. వస్తావా అని లేదు, తీరికుందా అని లేదు. ఎప్పుడూ ఫోనెత్తితే ప్రశ్నల వాన కురిపించే మనిషి.

బాబాయి దర్జీ. నాన్న పోయాక రుజువుకి స్కూటరు నేర్పిందీ, మొదటి తెల్లకోటు కుట్టిచ్చిందీ ఆయనే. ఒంట్లో చక్కెర ఎప్పటి నుంచో ఉంది. చలికాలం వెళ్ళే ముందు ఎడమ అరికాల్లో ఏదో గుచ్చుకుని పుండు పడింది. ఆస్పత్రికి వెళ్ళి వచ్చాడు. తర్వాత ఎవరో చెబితే అయస్కాంతాలు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళిన కొత్తలోనే ఓ ఆదివారం సభకి వచ్చి, వెనక వరసలో లేచి నిలబడి, చేతిలో ఉన్న టేపుని వేలికి చుట్టుకుంటూ అడిగాడు.

"అమ్మడూ, నాకో సందేహం. అయస్కాంతం ఇనుముని లాగుతుంది కదా. రక్తంలో ఇనుముంటుందని నువ్వే చెప్పావు. మరి కాలికి అయస్కాంతం కడితే అక్కడికి రక్తం రాదా?"

ఆ రోజు సభ మంచి ఊపు మీద ఉంది. రుజువు ఒక్క క్షణం ఆలోచించింది, జవాబు గురించి కాదు, దాన్ని ఎలా రక్తి కట్టించాలా అని. ఎడమకాలు కుంటుతూ వేదిక మీద రెండడుగులు వేసింది. పాదం ఇనప కుర్చీకి అతుక్కుపోయినట్టు గుంజుకుంది. "అమ్మడూ, అమ్మడూ, ఈ కుర్చీ నన్ను వదలట్లేదు, మీ పిన్నిని పిలువు!" అంది అచ్చం ఆయన గొంతుతో. ఎక్కిలి వచ్చింది. చెంచా దొర్లింది. హాలంతా పొట్ట పట్టుకుంది. బాబాయి కూడా ఒక చెంప మీద నవ్వు పూసుకుని, టేపు విప్పుకుంటూ మెల్లిగా కూర్చున్నాడు.

మర్నాడు పిన్నికి ఆ నవ్వు కుట్టుమిషను కింద దొరికింది. అప్పట్నుంచి బాబాయి రుజువు ల్యాబుకి రాలేదు. ఆమె కూడా తీరిక లేదని అటు వెళ్ళలేదు.

* * *

పిన్ని తలుపు తీసి, "వచ్చావు. చెప్పులు ఆ మూల పెట్టు. మంచినీళ్ళు తెస్తున్నాను" అంది.

ముందు గదే కొట్టు. గోడకి సగం కుట్టిన చొక్కాలు, చేతులు లేని మనుషుల్లా వేలాడుతున్నాయి. కిటికీ పక్కన కుట్టుమిషను. బాబాయి మిషను ముందే కూర్చుని కుడికాలితో తొక్కుతున్నాడు. ఎడమకాలు ముక్కాలిపీట మీద ఉంది. పాదం చుట్టూ నల్లగుడ్డ పట్టీ, పట్టీకి కుట్టిన గుండ్రటి అయస్కాంతాలు. వాటి మీద రెండు గుండుసూదులు అంటుకుని ఉన్నాయి. వాసన గుమ్మంలోకే వచ్చింది.

"బాబాయ్, ఎన్నాళ్ళ నుం..."

మిషను కింద ఎక్కిలి పడింది.

ఆ తర్వాత చెంచా మెట్ల మీంచి దొర్లింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ, తెగ మురిసిపోతూ. గుమ్మం బయటి నుంచి విన్నప్పుడు అది ఇంత దగ్గరగా, ఇంత తడిగా ఉంటుందని రుజువు ఎరగదు. తన పళ్ళు, తన నాలుక, తన ఊపిరి. తను నోరు మూసుకుని నిలబడి ఉండగా తన గొంతు నేల మీంచి వస్తుంటే వీపు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది. లారీ పోయేదాకా మాట ఆపుకున్నట్టు పిన్నీ బాబాయీ ఊరికే ఎటో చూస్తూ ఆగారు. నవ్వు అయిపోయాక బాబాయి మిషను మళ్ళీ తొక్కాడు.

"కూర్చో తల్లీ" అన్నాడు. "ఎండలో వచ్చావు."

పట్టీ సందులోంచి బొటనవేలూ పక్కవేలూ కనబడుతున్నాయి. నేరేడు పండు రంగు. పైకి పాకుతున్న ఎరుపు చీలమండకి ఇంకా కాస్త దూరంలో ఉంది. రుజువు మనసులో లెక్క దానంతటదే పడిపోయింది. ఇవాళో రేపో ఆస్పత్రిలో పడితే పాదం నిలిచే అవకాశం సగానికి పైనే. ఇంకాస్త ఆలస్యమైతే పాదం. ఆ పైన మోకాలు. ఆ పైన మనిషి.

"బాబాయ్, నే చెప్పేది విను" అని మొదలుపెట్టింది. "పదిమందికి పుండు పడితే, ఏ వైద్యమూ చెయ్యకపోయినా కొందరికి దానంతటదే మానుతుంది. మానినవాళ్ళు ఆయన వల్లే మానిందని ఊరంతా చెప్తారు. మాననివాళ్ళు మంచంలో ఉంటారు, వాళ్ళు చెప్పుకోరు. నీ చెవిన పడేవి మొదటివాళ్ళ మాటలే. లెక్కలో సగం మాయమైపోయింది, చూశావూ?"

నవ్వు లేచింది. రుజువు నాలుక కరుచుకుంది.

"నువ్వన్నది నిజమే అయ్యుంటుంది" అన్నాడు బాబాయి, నవ్వు సద్దుమణిగాక. గుడ్డ తిప్పి సూది కింద పెట్టాడు.

"వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి."

"వెళ్ళాలి."

"ఇవాళే."

"ఇవాళ ఈ చొక్కా ఇవ్వాలి."

గోడకి చెప్పినా ఇంతకంటే నయం. గోడ కనీసం అవునవును అనదు. చెప్పిన ప్రతిదానికీ ఒప్పుకుంటున్నాడు. ఒక్క మాటా లోపలికి వెళ్ళడం లేదు. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పింది.

"ఈయన ఎవర్నీ ఏమీ అడగట్లేదమ్మా. ఇంట్లో మానేశాడు, బయటా మానేశాడు. ఆస్పత్రికి వెళ్తే వాళ్ళని అడగాలి, ఇదేంటి, ఆ మందేంటి అని. అందుకే వెళ్ళడు. అయస్కాంతాల ఆయన దగ్గర ఆ బాధ లేదు. అన్నీ ఆయనే చెప్తాడు. వినడమే."

రుజువుకి మొహం చెల్లలేదు. గబగబా వెళ్ళి మిషనుని పక్కకి లాగింది. కింద దారప్పోగులు, ఓ విరిగిన బొత్తం, నలుపలకలుగా దుమ్ము లేని నేల. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. బావిలోకి తొంగి చూసినప్పుడు మొహానికి తగిలే చలి.

"బాబాయ్, ఆ రోజు నేను చేసింది తప్పు. నన్ను క్షమించవూ?"

దానికీ నవ్వింది. ఈసారి ఇంకా పైస్థాయిలో.

"దాని ముందు ఏదీ అడక్కు తల్లీ" అన్నాడు బాబాయి విసుగేమీ లేకుండా. "నేనేం మనసులో పెట్టుకోలేదు. మిషను మళ్ళీ ఇటు జరుపు, వెలుతురు చాలట్లేదు."

మిషను జరిపాక రుజువు నీళ్ళు తాగింది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అడగొద్దంటుంటే పట్టుదల కొద్దీ మళ్ళీ అడిగింది. "సరే, ఆ మహానుభావుడు ఏ తారీకుకల్లా నయమైపోతుందన్నాడు?"

నవ్వుకి పండగైపోయింది. విరగబడి నవ్వింది. మధ్యలో మాత్రం ఒకచోట, రుజువు ఊహించని చోట, టక్కున ఆగింది. ఆగి ఎదురుచూసింది. వేదిక మీద ఆమె నవ్వాక హాలు అందుకోవడానికి పట్టే ఆ కాస్త ఎడం. అప్పుడు రుజువుకి తన మొహం సంగతి తెలిసింది. పెదవి ఒక పక్కకి లేచి ఉంది. తనకి తెలియకుండానే, కింద ఉన్నదానితో కలిసి నవ్వడానికి సిద్ధంగా.

ఆమె పెదవిని దించుకుంది. కింద నవ్వు తడబడి, మిగతాది ఎలాగో ముగించింది.

పరీక్షలు చేసే మనిషి కదా, ఆ తడబాటుని వదల్లేదు. నాలుగు ప్రశ్నలకి నాలుగుసార్లు లేచింది. ఆ నాలుగింటిలోనూ ఒక్కటైనా తను తెలుసుకుందామని అడిగింది ఉందా? మొదటిదానికి జవాబు పాదం చూడగానే తెలుసు. రెండోది పాఠం. మూడోది మొహమాట పెట్టడం. నాలుగోది ఉచ్చు. తనకి నిజంగా తెలియనిదేమిటి? వెతుక్కుంటే ఒకటి దొరికింది. ముక్కాలిపీట దగ్గర నేల మీద కూర్చుంది.

"బాబాయ్, ఆయన దగ్గరికి వెళ్తే నీకెలా ఉంటుంది?"

ఎక్కిలి పడింది. అంతే. తర్వాతిది రాలేదు. మిషను కింద ఏదో ఊపిరి బిగపట్టుకుని చెవి ఒగ్గినట్టు గదంతా బిగుసుకుంది. వేలాడుతున్న చొక్కాలు కూడా వింటున్నట్టే ఉన్నాయి.

బాబాయి తొక్కడం ఆపాడు. నమ్మలేనట్టు మిషను కిందికి చూసి, తర్వాత ఆమెని చూశాడు.

"బావుంటుంది" అన్నాడు. చేతిలో గుడ్డ మడిచి పెట్టాక మిగతాది వచ్చింది. "ఆయన కుర్చీలో కూర్చోడు. ఇదిగో, నువ్వు కూర్చున్నట్టే కింద కూర్చుని పాదం ఒళ్ళో పెట్టుకుంటాడు. వాసన వస్తుంటే మొహం తిప్పుకోడు. కుట్టుపని ఎలా ఉందంటాడు. ఆస్పత్రిలో ఆ కుర్రడాక్టరు నా పాదం చూడకుండానే ముదరబెట్టుకొచ్చావన్నాడు. ఏంటి ముదిరిందని అడిగితే పక్కవాడి వంక చూసి నవ్వు ఆపుకున్నాడు. నువ్వు కూడా..." ఆగాడు. "పోన్లే. కానీ అమ్మడూ, ఒక్కటి. అయస్కాంతం కట్టిన కొన్నాళ్ళకే నొప్పి పోయింది. నువ్వెన్ని లెక్కలైనా చెప్పు. నొప్పి పడ్డ పాదం నాది. పోయింది నాకు."

నొప్పి పోయిందన్న సంగతి రుజువుకి తెలియదు. ఇన్నాళ్ళూ అడిగితే కదా. అన్నిటికంటే చెడ్డ కబురు అదే. అదే ఆయనకి అన్నిటికంటే మంచి కబురు. నోటి చివరిదాకా వచ్చిన నాలుగు వాక్యాలూ మింగేసి, ఆయన పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ రోజు నువ్వు హాల్లో అడిగింది మంచి ప్రశ్న బాబాయ్. నేను జవాబే చెప్పలేదు. పుస్తకంలో చదివాను కానీ, ఎప్పుడూ చేసి చూడలేదు. చూద్దామా?"

మిషను కింద ఎక్కిలి కూడా పడలేదు.

సంచీలోంచి గాజుపలక తీసింది. బాబాయి వేలు చాపాడు. చిన్న పోటు, గాజు మీద ఎర్రటి చుక్క. పట్టీ తనే విప్పుతానన్నాడు. ఒక అయస్కాంతం ఊడదీసి, ముందు గుండుసూది దగ్గర పెట్టాడు. సూది ఎగిరి కరుచుకుంది. పిన్ని తెలియకుండానే ముందుకొచ్చింది. తర్వాత అయస్కాంతాన్ని చుక్క దగ్గరికి తెచ్చాడు. చుక్క ఊరుకుంది. ఇంకా దగ్గరగా. ఊరుకుంది.

"కొంచెం వంగిందేమో" అన్నాడు.

"మళ్ళీ చూడు. రెండోవైపు నుంచి పెట్టు."

రెండోవైపు నుంచి పెట్టాడు. గాజు కింద పెట్టి తిప్పాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. రుజువు తొందరపెట్టలేదు. కదులుతుందేమోనని ఒక్క క్షణం ఆమెకీ అనిపించింది, నిజంగానే. చుక్క మెల్లిగా అంచుల దగ్గర ఎండడం మొదలుపెట్టింది.

"కదల్లేదు" అన్నాడు ఆఖరికి. సాయంత్రం కొట్టు కట్టేస్తున్నట్టు అన్నాడు ఆ మాట. అయస్కాంతాన్ని పక్కన పెట్టి, మిషను వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"మరి... మరి నొప్పెందుకు పోయింది?"

నెలల తర్వాత ఆ ఇంట్లో ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న. నవ్వు ఒక్కసారిగా లేచింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కలిపి లేచినట్టుంది. చెంచా కాదు, వంటసామానంతా మెట్ల మీంచి దొర్లింది. చొక్కాలు ఊగాయి. రుజువు గొంతులో ఏదో వేలు పెట్టి కెలికినట్టయింది. దవడ దానంతటదే తెరుచుకుంటోంది. పొట్టలోంచి ఎక్కిలి పైకి పాకుతోంది. నవ్వు నడిమధ్యలో ఆగి, ఆమె అందుకోవడం కోసం ఎదురుచూసింది.

ఆమె అందుకోలేదు. ఒళ్ళో ఉన్న పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, గొంతు పెంచకుండా, ఆయన అడిగినదానికి జవాబు చెప్పింది. వినబడక ఆయన వంగాడు.

"నొప్పి పోలేదు బాబాయ్. నొప్పి కబురు మోసుకొచ్చే నరం చచ్చుబడింది. నేననుకుంటున్నది అదీ. తప్పో ఒప్పో నువ్వే చూసుకోవచ్చు."

మళ్ళీ మొదలైన నవ్వు ఒంటరిగా కాస్త దూరం వెళ్ళింది. హాల్లో అందరూ ఊరుకున్నాక కూడా నవ్వుతున్న మనిషి నవ్వులా సన్నబడింది. సిగ్గుపడింది. చుట్టూ చూసుకున్నట్టు ఆగిపోయింది.

రుజువు బిరుసు నైలాను దారం ముక్క ఒకటి కత్తిరించింది. "కళ్ళు మూసుకో. దారం తగిలినప్పుడల్లా ఊఁ అను."

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ముంజేతి మీద దారం కొస ఆనించింది.

"ఊఁ."

మోకాలి కింద.

"ఊఁ."

చీలమండ మీద. కాసేపాగి, "ఊఁ... అనుకుంటా."

తర్వాత ఎడమ పాదం. బొటనవేలి కింద ఆనించి, దారం విల్లులా వంగేదాకా నొక్కింది. అలాగే పట్టుకుంది. మడమ దగ్గర, పాదం మధ్యలో, మళ్ళీ వేళ్ళ కింద. పిన్ని గోడ పట్టుకుంది. బాబాయి కళ్ళు మూసుకునే, తల కాస్త పక్కకి వాల్చి, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

"మొదలుపెట్టు తల్లీ" అన్నాడు.

రుజువు దారం తియ్యలేదు. ఆయన కళ్ళు తెరిచి కిందికి చూశాడు. తన అరికాల్లో వంగి నిలబడి ఉన్న దారాన్ని చూశాడు. దాన్నే చాలాసేపు చూశాడు.

"కాలుంటుందా?"

మిషను కింది నుంచి ఏమీ రాలేదు. ముగ్గురూ అలవాటుకొద్దీ ఆగారు. రాలేదు. అక్కణ్ణుంచి ఒక సన్నటి చలి నేల వెంబడే జరిగి, రుజువు చీలమండని రాసుకుని, వెన్ను మీదుగా పాకి ఎక్కడో ఆగింది. ఆమె ఒక్కసారి వణికి, సర్దుకుంది.

"నాకు తెలీదు బాబాయ్. తెలిసినవాళ్ళని అడుగుదాం పద."

"ఏమండీ, గొళ్ళెం నేను పెట్టనా, మీరు పెడతారా?" అంది పిన్ని. అడిగేశాక తనే ఉలిక్కిపడి, ఆ తర్వాత ఏడ్చింది.

* * *

పక్కింటి డ్రైవరు కారులో వెనకసీట్లో బాబాయి కాలు చాపుకుని పడుకున్నాడు. తల రుజువు ఒళ్ళో ఉంది. ముందు సీట్లో పిన్ని, ఒళ్ళో దుప్పటి.

"ఆయన్నేమీ అనకు" అన్నాడు బాబాయి దారిలో. "మనిషి మంచివాడు."

"మంచివాడే. కానీ ఇది పనిచెయ్యదు. పనిచెయ్యదని ఆయనతో చెప్తాను."

"చెప్పు. మొహం మీదే చెప్పు." కాసేపు కిటికీలోంచి పోతున్న మేడల్ని చూశాడు. "నవ్వకు."

కారు దిగేటప్పుడు రుజువుకి ఒక సంగతి తెలిసింది. తను దిగాక సీటు వెంటనే పైకి లేవలేదు. ఇంకెవరో కాస్త ఆగి దిగినట్టు, అప్పుడు లేచింది.

ఆస్పత్రి వసారాలో మందుల వాసన, తడి నేల, మడత కుర్చీల్లో కునుకు తీస్తున్న చుట్టాలు. సర్జను మాస్కు గడ్డం కిందికి లాక్కుని వచ్చింది. వంగి, పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతి తొడుగులు ఊడదీస్తూ ఇంకో గదివైపు ఒక అడుగు వేసేసింది.

ఇలాంటప్పుడు అడగడం రుజువు పని. ఊళ్ళో సగం ఇళ్ళకి డాక్టర్లని అడిగిపెట్టేది ఆమే. చీలమండ దగ్గర నాడి ఉందా, ఎముకదాకా దిగిందా, రక్తనాళం మూసుకుపోయిందా, ప్రశ్నలన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. ముందుకొచ్చి నోరు తెరిచింది.

"డాక్టర్ గారూ, పాదం ని..."

మెడ వెనక, సరిగ్గా చెవి కింద, ఎక్కిలి పడింది. చెంచా దొర్లింది. వసారా ఈ చివర నుంచి ఆ చివరిదాకా గోడలకి తగులుతూ దొర్లింది. కునుకు తీస్తున్నవాళ్ళు కళ్ళు తెరిచి, ఎవరిదో నవ్వులే అనుకుని మళ్ళీ మూసుకున్నారు.

సర్జను చికాగ్గా ఆగింది. "ఎవరిదండీ ఇది? వార్డులోకి ఇలాంటివి తీసుకురావద్దని బోర్డు పెట్టాం కదా."

"నాదేనండీ" అంది రుజువు. మళ్ళీ అడగబోయింది. మళ్ళీ లేచింది. మూడోసారి పెదాలు కదిపేసరికి ముందే ఎక్కిలి మొదలైంది. ఆమె నోరు మూసుకుని గోడకి ఆనుకుంది. ఇక మీదట ఏ గుమ్మంలోకి వెళ్ళినా ఇంతేనని, అడిగిన ప్రతిసారీ ఇదే వినాలని, ఆ లెక్క మెల్లిగా తేలుతోంది. సర్జను వాచీ చూసుకుని తిరిగింది.

స్ట్రెచరు మీంచి బాబాయి తల తిప్పి చూశాడు.

"నీ వెంట వచ్చేసిందా?"

రుజువు తలూపింది.

"అయితే నువ్వూరుకో" అన్నాడు. మోచేతి మీద ఆనుకుని కాస్త పైకి లేచాడు. "ఇదిగో డాక్టరమ్మా, ఒక్క నిమిషం ఆగాలి. నా పాదం ఉంటుందా?"

నవ్వు లేవలేదు. దానికి ఇప్పుడు రుజువు ప్రశ్నలే కావాలి. సర్జను వెనక్కి వచ్చింది.

"వేళ్ళు రెండు తీసెయ్యాలండీ. పాదం నిలబెడతామనే అనుకుంటున్నాను. రేపటిదాకా ఆగుంటే ఈ మాట అనలేకపోయేదాన్ని."

"రెండే ఎందుకు? మూడోది కూడా రంగు మారింది కదా?"

"అది కమిలింది. చావలేదు. లోపల చూశాక చెప్తాను."

"లోపల చూడడమంటే ఏం చేస్తారు? నాకు తెలివి ఉంటుందా అప్పుడు? మళ్ళీ పుండు పడకుండా నేనేం చెయ్యాలి? నాకు తగిలింది తెలీదు కదా, మరి తగిలిందని తెలిసేదెలా?"

సర్జను కుర్చీ ఒకటి లాక్కుని స్ట్రెచరు పక్కన కూర్చుంది. ఒక్కొక్కదానికీ చెప్పడం మొదలుపెట్టింది. బాబాయి మధ్యలో ఆపి మళ్ళీ అడుగుతున్నాడు. అర్థం కాకపోతే కాలేదంటున్నాడు. రుజువు గోడకి ఆనుకునే ఉంది. మెడ వెనక ఆ చలి కూడా ఊపిరి బిగబట్టి వింటోంది. తను అడగాల్సినవన్నీ, తనకి తట్టనివి కొన్ని, ఆయన నోట ఒక్కొక్కటిగా వస్తుంటే ఆమె ఒక్కమాటా జారిపోకుండా వింటూ నిలబడింది.